బోరు నీటిలో ఎండోసల్ఫాన్ ఉందేమో పరీక్షించుకునే విధానం

నర్సంపేట, పరకాల వైపు పత్తి, మిరప చేలల్లో ఒకప్పుడు కొట్టిన పురుగుమందు ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించినా, అది మారి ఏర్పడే ఎండోసల్ఫాన్ సల్ఫేట్ మట్టిని అంటిపెట్టుకొని ఏళ్ల తరబడి నిలిచి, వానకు కొట్టుకువచ్చి చెరువుల్లో, బావుల్లో చేరగలదు. రంగును బట్టి దీన్ని పసిగట్టలేము. తాగునీటిలో ఎండోసల్ఫాన్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 0.4 మైక్రోగ్రాములు, ఇంత సూక్ష్మ మోతాదుకు ఊళ్లో దొరికే కిట్లు పనికిరావు, గ్యాస్ క్రొమటోగ్రఫీ (నమూనాలోని పదార్థాలను ఆవిరి రూపంలో విడదీసి కొలిచే పద్ధతి) ఉన్న ప్రయోగశాలకే పంపాలి.

బోరును కొన్ని నిమిషాలు పోనిచ్చి, ముదురు గోధుమరంగు గాజు సీసాలో (ప్లాస్టిక్ సీసా గోడలకు మందు అంటుకుపోతుంది, ఇక్కడే చాలామంది పొరబడతారు) నీరు పట్టి, మంచుగడ్డల మధ్య పెట్టి, వీలైతే ఆ రోజే అందజేయాలి. ఫలితం హద్దు దాటితే మరిగించడాన్ని నమ్ముకోకుండా, యాక్టివేటెడ్ కార్బన్ (మలినాలను పట్టి ఉంచే ప్రత్యేక బొగ్గు) వడపోత పెట్టి, దాని గుళికలను గడువుకు మార్చాలి.