వేసవిలో అర్థశాస్త్రం, నాలుగో పాఠం: నిమ్మకాయ దగ్గర జారిన గీత

ఈ వారం వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్న కొలత, మొదలుపెట్టాలి. మీ జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. జూన్‌లో కాలేజీ తెరిచేలోపు ఈ ఒక్క ముడి విప్పుకుంటే చాలు, మిగతాది లెక్చరరు చూసుకుంటారు.

పోయిన పాఠంలో అడిగింది చిన్న ప్రశ్నే. ఎండలు ముదిరాయి, ఢిల్లీ వ్యాపారులు పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయల కోసం ఎగబడుతున్నారు, ధర పెరిగింది, డిమాండుకు ఏమైంది? సగం మంది రాసింది ఇది: "ధర పెరిగింది కాబట్టి డిమాండు తగ్గుతుంది, డిమాండు తగ్గింది కాబట్టి ధర మళ్లీ దిగుతుంది." ఈ లెక్కన లోకంలో ఏ ధరా పెరగకూడదు. మిగతా సగం ఇంకో అడుగు ముందుకేశారు: "ధర పెరిగినా ఎక్కువ సరుకు అమ్ముడైంది, కాబట్టి ధర పెరిగితే కొనేది తగ్గుతుందనే డిమాండు సూత్రం తప్పు." వాళ్ల మీద కోపం రాలేదు. కళ్లెదుట కనిపించింది రాశారు కదా.

గళ్ల నోటుపుస్తకం తీయండి. ధర నిలువు గీత మీద ఎందుకు ఉండాలని కొందరు అడిగారు. 1890లో మార్షల్ అలా గీశాడు, లోకమంతా అలాగే గీస్తోంది. ముందుకు వెళ్దాం.

ఇవి నేను కల్పించిన అంకెలు. ఫిబ్రవరిలో కిలో 40 రూపాయలైతే కొనేవాళ్లు 100 బస్తాలు అడుగుతారు, 60 అయితే 80, 80 అయితే 60. ఇది ఒక గీత, దీన్నే డిమాండు రేఖ అంటాం. మే నెలలో గొంతు ఎండుతోంది. అదే 40 రూపాయలకు 160 బస్తాలు అడుగుతారు, 60కి 140, 80కి 120. ఇది రెండో గీత, మొదటిదానికి కుడివైపున. రెండూ కిందికే దిగుతున్నాయి, అంటే సూత్రం ఎక్కడా చెడలేదు. ప్రస్తుతానికి తోటల వైపు ఏమీ మారలేదనుకుందాం. రైతులు 40కి 100 బస్తాలు, 60కి 110, 80కి 120 కోసి పంపుతారు. ఇది సరఫరా రేఖ.

ఇప్పుడు మే నెల ఉదయం ధర ఇంకా 40 దగ్గరే ఉందనుకోండి. అడిగేది 160, వచ్చింది 100. ధర ఎక్కుతుంది. 60 దగ్గర అడిగేది 140, వచ్చేది 110, ఇంకా ఎక్కుతుంది. 80 దగ్గర రెండువైపులా 120. అక్కడ ఆగుతుంది. ధర ఎక్కేకొద్దీ కొందరు కొనడం మానుకున్న మాట నిజమే, 160 కాస్తా 120 అయింది. కానీ వాళ్లు కొత్త గీత మీదే పైకి నడిచారు, గీతను వెనక్కి నెట్టలేదు. అందుకే ధర మళ్లీ 40కి దిగదు. మొదటి జట్టు తడబడింది ఇక్కడే.

రెండో జట్టు ఫిబ్రవరిలో 40కి 100, మేలో 80కి 120 చూసి, ఆ రెండు చుక్కలూ కలిపింది. గీత పైకి పోయింది. మంచిదే. కానీ మీరు గీసింది డిమాండు రేఖ కాదు, రైతుల సరఫరా రేఖ! పైన రైతుల అంకెలు మళ్లీ చూడండి. డిమాండు గీత జరిగినప్పుడు, సరఫరా గీత కదలకపోతే, మార్కెట్లో కనబడే చుక్కలన్నీ సరఫరా గీత మీదే పడతాయి.

సిగ్గుపడకండి, పెద్దవాళ్లూ ఇక్కడే పడ్డారు. 1914లో హెన్రీ మూర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త దుక్క ఇనుము (పిగ్ ఐరన్) ధరలనూ అమ్మకాలనూ కలిపి లెక్కగట్టి, దాని డిమాండు రేఖ పైకి పోతోందని ప్రకటించాడు. అది డిమాండు రేఖ కాదని ఫిలిప్ రైట్ వెంటనే పట్టుకున్నాడు. 1927లో ఎల్మర్ వర్కింగ్ ఈ చిక్కును విడమరిచి రాశాడు: ధర, అమ్మకం అంకెలు రెండే చేతిలో ఉంటే ఏ గీత జరిగిందో చెప్పలేం.

నేను వాడే అడ్డదారి ఒకటుంది. జరిగిన సంగతిని 'ధర' అనే మాట లేకుండా ఒక వాక్యంలో రాయాలి. "ఎండలు ముదిరాయి" అనొస్తే కొనేవాళ్ల గీత జరిగింది. "కాపు తగ్గింది" అనొస్తే రైతుల గీత జరిగింది. ధర ప్రస్తావన లేకుండా వాక్యమే రాకపోతే, కారణం ఇంకా దొరకలేదన్నమాట; పెన్ను కింద పెట్టి ఆలోచించండి.

చదవాల్సింది: ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి సూక్ష్మ అర్థశాస్త్రంలో రెండో అధ్యాయం. ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. ఉదాసీనతా రేఖలు ఇప్పుడు వదిలేసి, డిమాండు భాగం నుంచి చదవండి. గైడ్ల జోలికి పోవద్దు, వాటిలో నిర్వచనాలుంటాయి తప్ప గీతలు కదలవు.

అభ్యాసం రెండే, రెండూ కష్టమైనవే. ఒంగోలు పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు దించేశాక ఆ పూట సరఫరా రేఖ నిలువుగా ఉంటుందా? పలికిన ధర నచ్చక రైతు బేలు వెనక్కి తీసుకెళ్తే ఆ రేఖ ఆకారం ఏమవుతుంది? రెండోది ధాన్యం. 2024-25లో గ్రేడ్-ఎ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి పుట్టికి 19,720. మిల్లరు 17,000కే అడుగుతున్నాడనుకోండి. ప్రభుత్వం ధర ప్రకటించి ఊరుకుంటే ఏ గీత కదులుతుంది? నిజంగా దిగి కొంటే ఏది కదులుతుంది? రెండు బొమ్మలు విడివిడిగా గీయండి. బొమ్మ లేని జవాబు నేను చదవను.