విశాఖలో ఇల్లు కొంటున్నారా? రిజిస్ట్రేషన్ గురించి అందరూ అడిగే ప్రశ్నలు

“రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక ఇల్లు మనదే” అనుకుంటాం. అది సగమే నిజం. దస్తావేజు పద్ధతిగా ఉందా, స్టాంపు డ్యూటీ కట్టారా, సంతకం పెట్టే మనుషులు వాళ్లేనా, ఆస్తి నిషేధిత జాబితాలో ఉందా అన్నవి సబ్ రిజిస్ట్రార్ చూస్తారు. అమ్మేవాళ్లకు ఆ ఇంటి మీద నిజంగా హక్కుందా అన్నది తేల్చడం ఆయన పని కాదు, కొనేవాళ్ల పని. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆఫీసు మెట్లెక్కక ముందు సంగతులే.

ముందు ఏ కాగితాలు అడగాలి?

అడ్వాన్సు చేతిలో పెట్టకముందే జిరాక్సులు అడగండి. అమ్మేవారి దస్తావేజు, దాని వెనకున్న లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు) కనీసం 30 ఏళ్లవి, జీవీఎంసీ (నగర కార్పొరేషన్) ఇచ్చిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చన్న పత్రం), ఇంటి పన్ను రసీదు. స్థలం లేఔట్లోదైతే వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి కూడా కావాలి. పాత లేఔట్ల కాగితాల మీద వుడా అని ఉంటుంది, కంగారు పడకండి, దాని పేరే 2018లో మారింది. అసలు కాగితాలు బ్యాంకులో ఉన్నాయంటే ఎంత బాకీ ఉందో బ్యాంకు నుంచే లేఖ తెప్పించమనండి.

జీపీఏ (యజమాని తన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) చూపించి “ఇది చాలండీ” అంటే నమ్మొద్దు. జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. యజమాని బతికే ఉండి, రిజిస్టరైన జీపీఏతో ఏజెంటు యజమాని తరఫున సేల్ డీడ్ రాసిస్తే అది వేరే సంగతి.

తండ్రి పోయాక కొడుకులు అమ్ముతున్న ఇల్లయితే ఇంకాస్త ఆగి చూడండి. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా ఉంటుంది. “అక్కచెల్లెళ్లకు పెళ్లప్పుడే అన్నీ ఇచ్చేశామండీ” అన్న మాట ప్రతి బేరంలోనూ వినిపిస్తుంది. అది రిజిస్టరైన విడుదల దస్తావేజులో (వాటా వదులుకున్నామని రాసిచ్చే పత్రంలో) ఉంటేనే లెక్క. లేదంటే వాళ్లు కూడా వచ్చి సేల్ డీడ్ మీద సంతకం పెట్టాలి. మైనర్ వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా ముందుకు వెళ్లకండి.

ఈసీలో ఏమీ లేకపోతే చాలదా?

చాలదు. ఈసీ అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. కోర్టు కేసు, రిజిస్టర్ కాని అగ్రిమెంటు, ఇంట్లో వాటాల గొడవ అందులో ఉండవు. 1983 నుంచి వివరాలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో వెతికించుకోవాలి.

ఫ్లాటు కొనేవాళ్లు చేసే పొరపాటు ఒక్క ఫ్లాటు నంబరుతోనే వెతకడం. బిల్డర్ స్థలం మొత్తాన్ని తాకట్టు పెట్టి ఉంటే అది సర్వే నంబరు మీద, పాత డోరు నంబరు మీద బయటపడుతుంది. అందుకే మూడు రకాలుగానూ తీయండి. ఇంకో సంగతి. ప్లాను ప్రకారమే కడతామన్న హామీగా బిల్డర్లు కొంత భాగాన్ని కార్పొరేషన్‌కు తనఖా పెడతారు. మీకు చూపించిన ఫ్లాటు ఆ తనఖాలో ఉందేమో, ఉంటే విడుదలైందో లేదో చూసుకోండి.

మన ఊళ్లో ప్రత్యేకంగా చూడాల్సినవి ఏమిటి?

22ఎ జాబితా. మొదట చెప్పిన నిషేధిత జాబితా ఇదే. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూములను అమ్మకుండా నిలిపేస్తారు. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం వైపు తక్కువ ధరకు ఇల్లు దొరికిందంటే ముందు పంచగ్రామాల సమస్య గుర్తు తెచ్చుకోండి, ఈ ఐదు ఊళ్ల భూములు తనవని సింహాచలం దేవస్థానం అంటోంది. ఏళ్ల తరబడి కాపురాలు ఉంటున్న ఇళ్లే అయినా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతాయి. గెడ్డ (వాగు) పక్కన స్థలమైతే సర్వేయర్‌ను పిలిచి కొలిపించండి. గెడ్డ పోరంబోకు మీదికి జరిగిన గోడను ఏ దస్తావేజూ కాపాడదు.

బ్యాంకు లాయర్ చూశాడు కదా?

చూశాడు, బ్యాంకు కోసం. ఆ ఒపీనియన్ కాపీ అడిగి తీసుకోండి, కానీ మీ తరఫున ఒక లాయర్‌కు కాగితాలన్నీ చూపించండి. ఇంటి ధరలో ఆ ఫీజు ఏ మూలకు?

ఖర్చు ఎంత?

స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం 7.5 శాతం, పైన కొద్దిగా యూజర్ ఛార్జీలు. ప్రభుత్వ మార్కెట్ విలువ, మీరు రాసుకున్న ధర, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కడతారు. 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలన్నమాట. బ్యాంకు లోను సాధారణంగా దీన్ని కలుపుకోదు, విడిగా సిద్ధం చేసుకోండి.

ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవారికిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) మినహాయించి మీరే ఆదాయపు పన్ను శాఖకు జమ చేయాలి. అమ్మేవారు ఎన్నారై అయితే లెక్క వేరు, టీడీఎస్ చాలా ఎక్కువ, ఆడిటర్‌ను అడగాల్సిందే. కట్టడం పూర్తికాని ఫ్లాటుకు జీఎస్టీ ఉంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఉండదు. అడ్వాన్సు 20 వేలు, ఆపైన నగదుగా ఇవ్వకూడదు, చెక్కో ఆన్‌లైనో అయితే మీకే సాక్ష్యం.

దరఖాస్తు ఎలా?

శాఖ వెబ్‌సైట్లో ‘పబ్లిక్ డేటా ఎంట్రీ’లో ఇరుపక్షాల వివరాలు, ఆస్తి షెడ్యూలు (హద్దులు, కొలతల వివరాలు) నింపాలి. మీరే చేయొచ్చు, చాలామంది డాక్యుమెంట్ రైటర్‌తో చేయిస్తారు. తర్వాత చలానా కట్టి, మధురవాడ, గాజువాక, గోపాలపట్నం, పెందుర్తి, ఇలా మీ ఆస్తి ఏ పరిధిలోకి వస్తే ఆ ఆఫీసులో స్లాటు తీసుకోవాలి. దస్తావేజు మీద సంతకాలయ్యాక 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. దాటితే జరిమానా.

ఆ రోజు ఆధార్, పాన్, ఫొటోలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. వేలిముద్రలు, ఫొటో అక్కడే తీసుకుంటారు. పనిలో పనిగా చెప్తున్నా, సాక్షులుగా ఆఫీసు బయట దొరికేవాళ్లను కాకుండా రేపు అవసరమైతే వచ్చి చెప్పగల వాళ్లను తీసుకెళ్లండి.

డ్రాఫ్టును ముందు రోజే తెప్పించుకుని, కొనే ఇంటికి వెళ్లి, అక్కడ నిలబడి హద్దులు సరిచూడండి. మేం మధురవాడలో ఫ్లాటు కొన్నప్పుడు రాత్రి పదింటికి మా ఆవిడ డ్రాఫ్టు చదువుతూ “లిఫ్టు మనకి తూర్పున కదా ఉంది?” అంది. కాగితంలో తూర్పున ‘ఖాళీ జాగా’, పడమర ‘కారిడార్, లిఫ్టు’. రైటర్ పక్క ఫ్లాటు షెడ్యూలు తెచ్చి అతికించాడు. ఆ రాత్రే దిద్దించాం. రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసి ఉంటే సవరణ దస్తావేజు కోసం అమ్మినాయన్ని మళ్లీ పిలవాలి, ఆయనేమో వారంలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిపోతున్నాడు. ఫ్లాటు వాళ్లు హద్దులతో పాటు అన్‌డివైడెడ్ షేరు (మొత్తం స్థలంలో మీ వాటా) ఎన్ని గజాలో, కారు పార్కింగు రాశారో లేదో కూడా చూసుకోండి.

తర్వాత?

దస్తావేజు చేతికొచ్చాక ఈసీ మళ్లీ తీయండి, చివరి లావాదేవీగా మీ పేరు కనిపించాలి. జీవీఎంసీ ఇంటి పన్ను అసెస్‌మెంటులో పేరు మారిందో లేదో చూడండి, మారకపోతే దరఖాస్తు పెట్టండి. కరెంటు మీటరు కూడా మీ పేరు మీదికి మార్పించుకోండి. మా ఇంటికి ఏడాది పాటు పాతాయన పేరుతోనే బిల్లు వచ్చింది.