వేషం కట్టడం, వేషం విప్పడం: నిత్యజీవితంలో పాత్రలు మార్చుకునే పద్ధతి

"అంతా నాటకం" అనే మాటను మన దగ్గర ఎక్కువగా రెండు సందర్భాల్లో వింటాము. ఎవరి మీదనైనా నమ్మకం పోయినప్పుడు ఒకసారి, చావింటి నుంచి తిరిగి వస్తున్నప్పుడు మరొకసారి. మొదటి సందర్భంలో నాటకమంటే మోసం, రెండవ సందర్భంలో మన చేతిలో ఏమీ లేదన్న నిట్టూర్పు. ఈ రెండు అర్థాలూ ఆట చూసి లేచి వెళ్ళిపోయినవారు కల్పించుకున్నవే గాని, ఆట కట్టినవారివి కావు. ముప్పై ఏళ్ళకు పైగా హనుమకొండ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెబుతూ, వార్షికోత్సవాలకు పిల్లల చేత నాటికలు వేయిస్తూ, ఒగ్గు కథలూ చిందు భాగోతాలూ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్ళి తెల్లవారేదాకా కూర్చున్నవాడిగా నేను గమనించినది వేరు. ఆడేవారికి ఆట ఒక పని. దానికి సిద్ధపాటు ఉంటుంది, ప్రవేశం ఉంటుంది, పక్కన వంత ఉంటుంది, చివరికి రంగు కడుక్కోవడమూ ఉంటుంది. ఈ మెళకువలను ఇంటికీ ఉద్యోగానికీ బంధుత్వాలకూ ఎట్లా తెచ్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

మొదట ఏ నాటకంతో పోల్చుకుంటున్నామో తేల్చుకోవాలి. చాలామందికి నాటకం అనగానే ముందు తెర, వెనుక రంగులు పూసే గది, ఒక నటునికి ఒకే పాత్ర గుర్తుకు వస్తాయి. ఆ పోలిక నిత్యజీవితానికి అతకదు, ఎందుకంటే మనకు రాత్రంతా ఒకే వేషం వేసుకొని ఉండే వెసులుబాటు లేదు, చాటుకు వెళ్ళి మరొకటి వేసుకొని వచ్చే గదీ లేదు. మనకు సరిపోయేది ఒగ్గు కథ. ఒగ్గు అంటే శివుని డమరుకం. ఐనవోలులోనూ కొమురవెల్లిలోనూ మల్లన్న పట్నాలు, అంటే పూజ కోసం రంగుపిండితో వేసే ముగ్గులు, వేసే చోట ఈ కథకులను చూడవచ్చు. మల్లన్న కథో, బీరప్ప కథో, ఎల్లమ్మ కథో చెబుతూ ప్రధాన కథకుడు ఒక్కడే రాజవుతాడు, రాణి అవుతాడు, గొర్రెల కాపరి అవుతాడు, అమ్మవారు అవుతాడు. భుజం మీది కండువా తల మీదికి వస్తే ఆడమనిషి, నడుముకు బిగిస్తే కాపరి. మరుక్షణం ఆ కండువా మళ్ళీ భుజం మీదికి చేరుతుంది, కథకుడు కథకుడై తరువాతి ముచ్చట ఎత్తుకుంటాడు. ఇదంతా వందల మంది కళ్ళ ముందే జరుగుతుంది, అయినా దానిని మోసమని ఎవరూ అనరు. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య, 2017లో కన్నుమూసేదాకా, ఈ కళకు దేశమంతటా పేరు తెచ్చిన కథకుడు. ఆయన పేరు తలచుకుంటే నాకు వేషాల కన్నా ముందు వేషానికీ వేషానికీ నడుమ ఆయన తిరిగి సత్తయ్యగా నిలబడే క్షణమే గుర్తుకు వస్తుంది. మనం నేర్చుకోవలసిన విద్య అంతా ఆ క్షణంలోనే ఉంది.

ఇక పనిలోకి దిగుదాము. పండుగ రోజు కాకుండా, పెళ్ళి రోజు కాకుండా, మామూలు పనిదినం ఒకటి ఎంచుకోండి. చిన్న కాగితం జేబులో పెట్టుకొని, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మీరు ఎవరితో ఏ హోదాలో మాట్లాడారో రాయండి. "తండ్రి, ఉద్యోగి, అల్లుడు" అని పేర్లు రాస్తే ప్రయోజనం లేదు. "చిన్నబిడ్డ లెక్కలు చూసేటప్పుడు తండ్రి", "అప్పు అడిగిన బావమరిదితో బావ", "సంతకం కోసం నిలబెట్టిన గుమస్తా ముందు అర్జీదారు" అని ఎదుటి మనిషితో కలిపి రాయాలి, ఎందుకంటే పాత్ర మనలో పుట్టదు, మనకూ ఎదుటివారికీ నడుమ పుడుతుంది. నేను మొదటిసారి రాసిన కాగితంలో పద్నాలుగు వరుసలు తేలాయి. వాటిని మా ఇంటావిడకు చూపిస్తే, ఆమె పదిహేనవది తానే చెప్పింది. కూర ఎట్లా ఉందని అడిగితే నేను మార్కులు వేస్తానట. బడి ఇంటికి వచ్చిందన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. కాబట్టి కాగితం పూర్తయ్యాక ఇంట్లోవారికి ఒకసారి చూపించండి, వారికి కనిపించేవి మనకు కనిపించవు.

వరుసలు ఎక్కువయ్యాయని కంగారు పడనక్కరలేదు. కాకతీయ గణపతిదేవుని ఏనుగుల దళానికి అధిపతి అయిన జాయప సేనాని 13వ శతాబ్దం మధ్యలో నృత్త రత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఒకే మనిషి యుద్ధంలో ఏనుగులను నడిపాడు, తీరిక వేళ అడుగులకూ హస్తాలకూ లక్షణాలు చెప్పాడు. పాత్రలు ఎక్కువైనందుకు ఎవరికీ ఇబ్బంది రాదు, ఒకదానిలోని ధోరణి మరొకదానిలోకి చెప్పకుండా జొరబడినప్పుడే వస్తుంది.

ఆ జొరబాటును ఆపడానికి తెర కావాలి. చిందు భాగోతంలో ఆట మొదలుకాకముందే కళాకారులు చాలాసేపు తమ ముఖాలకు తామే అర్దళం, ఇతర రంగులు పూసుకుంటారు, కిరీటాలూ భుజకీర్తులూ కట్టుకుంటారు. ఆ సమయంలో వారితో మాట్లాడబోతే ముక్తసరిగానే జవాబు వస్తుంది. మనిషి మెల్లగా ఇటు నుంచి అటు జరుగుతున్నాడన్నమాట. తరువాత ఇద్దరు తెర పట్టుకుంటే, దాని వెనుక నుంచి గజ్జెల చప్పుడు ముందు వినిపించి, ప్రవేశ దరువుతో, అంటే తనను పరిచయం చేసుకునే పాటతో, పాత్ర వస్తుంది. వచ్చినవారు ఎవరో, ఎందుకు వచ్చారో ఆ దరువే చెబుతుంది. దీని నుంచి మనం తీసుకోవలసినవి రెండు: కొంత వ్యవధి, ఒక ప్రకటన.

వ్యవధి ఎక్కువ అక్కరలేదు, పది నిమిషాలు చాలు. పని ముగిశాక నేరుగా ఇంట్లోకి దూరకుండా, భద్రకాళి చెరువు కట్ట మీద కాసేపు నడవండి, లేదా బండి ఆపి చౌరస్తాలో ఒక చాయ తాగండి. అప్పుడు ఫోను చూడకూడదు, ఎందుకంటే ఫోనులో ఆఫీసు ఇంకా వేషంలోనే ఉంటుంది. వాకిట్లో కాళ్ళు కడుక్కొని గాని లోపలికి రానివ్వని మన పెద్దలు దుమ్ము కోసమే ఆ నియమం పెట్టారని నేను అనుకోను. ఇప్పుడు అపార్టుమెంట్లలో వాకిలి లేదు గనుక, బట్టలు మార్చుకునేదాకా ఎవరి మీదా ఏ నిర్ణయమూ ప్రకటించకూడదని నియమం పెట్టుకుంటే అదే పని జరుగుతుంది.

ప్రకటన మాత్రం చాలామందికి వింతగా తోస్తుంది, కానీ అన్నిటికన్నా వేగంగా ఫలితం ఇచ్చేది అదే. కీలకమైన మాట మొదలుపెట్టే ముందు ఏ హోదాలో మాట్లాడుతున్నారో నోటితో చెప్పండి. "బిడ్డా, ఇప్పుడు ఫీజు కట్టే మనిషిగా కాదు, ఆ చదువు కొంత తెలిసినవాడిగా చెబుతున్నా" అన్నప్పుడు, వినే బిడ్డకు దేనికి తల ఊపాలో, దేనికి ఎదురు చెప్పవచ్చో తెలుస్తుంది. అన్నదమ్ముల భూమి పంపకాల్లో పెద్దమనిషిగా కూర్చున్న మేనమామ, "నేను మీ అమ్మ తమ్మునిగా ఒక మాట, పంచాయితీ మనిషిగా ఒక మాట చెబుతా" అని రెండుగా విడదీసి చెప్పడం నేను చూశాను. ఆ రోజు గొడవ తెగలేదు, అది వేరే సంగతి. కానీ మేనమామతో ఎవరికీ మాటలు పోలేదు.

తరువాత వెతుక్కోవలసింది వంతను. ఒగ్గు కథలో ప్రధాన కథకుని పక్కన నిలబడే వంతగాడిని చాలామంది చిన్నచూపు చూస్తారు గాని, అతడు లేకపోతే కథ సగంలోనే అలసిపోతుంది. అతడు పాట చివరి చరణాన్ని అందుకుంటాడు, కథకునికి ఊపిరి తీసుకునే సందు ఇస్తాడు. అంతకన్నా ముఖ్యంగా, కథకుడు మరీ ఎత్తుకు పోయినప్పుడు జనం తరఫున అమాయకంగా ఒక ప్రశ్న వేసి నేల మీదికి దించుతాడు. దేవుని వైభవాన్ని వర్ణిస్తూ కథకుడు మబ్బుల్లో ఉంటే, "మరి ఆయన తిన్నడా, తినలేదా?" అన్నట్టు వంతగాడు అడుగుతాడు, జనం నవ్వుతారు, కథ దారిలో పడుతుంది. మీ జీవితంలో ఆ ప్రశ్న వేయగలవారు ఎవరో చూసుకోండి. మీ మీద ఆధారపడినవారు ఆ పని చేయలేరు, మీరంటే భయమున్నవారూ చేయలేరు. ప్రతిదానికీ మిమ్మల్ని తప్పుపట్టేవారు వంత కారు, వారు మరో మేళం మనుషులు. మీ పాటను అందుకోవాలనే కోరిక ఉండి, అవసరమైనప్పుడు ఆపే చనువు కూడా ఉన్నవారు కావాలి. చిన్ననాటి స్నేహితులో, వదినగారో, పాత సహోద్యోగులో ఎవరైనా సరే. వారు దొరికాక ఆ హక్కును మాటగా ఇవ్వండి: "నేను ఎక్కువ చేస్తున్నానని తోస్తే అక్కడే అడుగు." అడిగినప్పుడు మాత్రం ముఖం మాడ్చుకోకూడదు. ఒకసారి ముఖం మాడితే రెండవ ప్రశ్న రాదు, ఆ తరువాత మీరు ఎంత ఎత్తుకు పోయినా దించేవారు ఉండరు. మీరు కూడా ఎవరికో ఒకరికి వంతగా నిలబడండి. వంత పాడడం తెలియనివారికి కథ చెప్పడం రాదని మా ప్రాంతపు కథకులు శిష్యులను పెంచే తీరు చూస్తేనే తెలుస్తుంది, ఎవరూ మొదటి రోజే నడుమ నిలబడరు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు: ఇన్ని పాత్రల్లో నిజమేది, నటన ఏది? నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా చెబుతుంది. ఆంగికం శరీరంతో, వాచికం మాటతో, ఆహార్యం వేషంతో జరుగుతాయి. నాలుగవది సాత్త్వికం. కన్నీరు, చెమట, గగుర్పాటు, వణుకు, గొంతు మారిపోవడం, రంగు తగ్గడం, కొయ్యబారడం, ఒళ్ళు తెలియకపోవడం అనే ఎనిమిదీ దాని కిందికి వస్తాయి. మనసు ఏకాగ్రమైతే తప్ప ఇవి పుట్టవని శాస్త్రమే చెబుతుంది. అంటే నటనలోనే నిజం లేనిదే జరగని భాగం ఒకటి ఉంది. కాబట్టి ఏ పాత్రలోనైనా మీ గొంతు ఎన్నడూ మారకపోతే, లోపల ఏదీ కదలకపోతే, ఆ పాత్ర ఆహార్యంగానే మిగిలిందని గ్రహించి, దానిని తగ్గించుకోవాలో, మనసు పెట్టాలో నిర్ణయించుకోండి. పరామర్శకు వెళ్ళినప్పుడు ఏడుపు రాకపోతే ఏడ్చినట్టు చేయవద్దు. మంచినీళ్ళు అందించే పని, కుర్చీలు వేసే పని ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. వరంగల్లులో పుట్టిన ధ్వన్యనుకరణ సమ్రాట్టు నేరెళ్ళ వేణుమాధవ్ ఎందరి గొంతులో అచ్చుగుద్దినట్టు పలికించినా, పలికేది వేణుమాధవే అని జనానికి తెలుసు కనుకనే చప్పట్లు కొట్టారు. అవే గొంతులతో ఎవరైనా చీకట్లో ఫోను చేసి డబ్బు అడిగితే దానికి పేరు వేరే.

కొన్నాళ్ళకు ఒకసారి ఏ పాత్రా లేకుండా కూర్చోవడం కూడా అలవాటు చేసుకోవాలి. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న క్రీడాభిరామం వీథి అనే రూపక భేదం, అంటే నాటక రకాల్లో ఒకటి. అందులో మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగంటి, అంటే నేటి వరంగల్లు, వీధుల్లో రోజంతా తిరుగుతారు. కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీని చూస్తారు, అంగడి చూస్తారు, చూసినదాన్ని గురించి మాట్లాడుకుంటారు. నగరమే రంగస్థలం, వారు ప్రేక్షకులు. అదే నగరంలో మీరు కూడా నెలకొక సాయంత్రం ఒక మిత్రునితో అట్లా తిరగండి, ఏమీ కొనకుండా, ఎవరికీ సలహా ఇవ్వకుండా. రెండవ షరతు పాటించడం నా వంటి ఉపాధ్యాయులకు కష్టం.

దీర్ఘకాలం సాగే పనులకు, అంటే ఇల్లు కట్టడం, పిల్లల చదువు, కోర్టు వ్యవహారం వంటివాటికి, రూపక లక్షణకారులు చెప్పిన అయిదు అవస్థలు గుర్తుంచుకుంటే చాలు: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ (ఫలం దక్కవచ్చన్న ఆశ), నియతాప్తి (దక్కుతుందన్న నిశ్చయం), ఫలాగమం (ఫలం చేతికి రావడం). మూడవదానిలో ఆశా ఆటంకమూ కలిసే ఉంటాయి, మనుషులు పని వదిలేసేది ఎక్కువగా అక్కడే. నాటకంలో అది నడిమి అంకమని తెలిసినవారు అక్కడ లేచి పోరు.

చివరగా విప్పడం గురించి చెప్పాలి, ఎందుకంటే కట్టడం కన్నా ఇదే కష్టం. మల్లన్న పట్నాన్ని రంగురంగుల పిండితో ఎంతో ఓపికగా వేస్తారు. ముగింపున దానిని తొక్కి చెరిపేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమన్నది, తరువాత అది కూడా పూజలో భాగమని తెలిసింది. మీ పాత్ర ముగిసే రోజు ముందే తెలిస్తే, ఉదాహరణకు పదవీ విరమణ, బిడ్డ పెళ్ళి, సంఘం అధ్యక్ష పదవి గడువు, ఆ రోజుకు ఆరు నెలల ముందు నుంచే ఒక్కొక్క ఆభరణం తీసి పక్కన పెట్టండి. తాళంచెవులు ముందుగా అప్పగించండి. మీరు చేసే పనిని మరొకరు తప్పుగా చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం సాధన చేయండి. కొత్తగా వచ్చినవారు అడిగితేనే చెప్పండి, అదీ ఒక్కసారే.

నేను ఇవేవీ చేయకుండానే విరమణ పొందాను, అందుకే ఏడాది పాటు పొద్దున బడి గంట వేళకు ఇంట్లో గొంతు పెంచుతూ ఉండేవాణ్ణి. మా వీధి చివర దర్జీ దుకాణం నా పాత విద్యార్థిది. ఒకప్పుడు నా బెత్తం ముందు చేతులు చాపినవాడే. మొన్న అంగీ కుట్టించుకుందామని వెళ్ళి, కాలరు ఎట్లా ఉండాలో, జేబు ఎక్కడ ఉండాలో పాఠంలా చెబుతుంటే, అతడు టేపు మెడలో వేసుకొని ఓపికగా అంతా విని, "సార్, ముందుగాల చేతులు చాపుండ్రి" అన్నాడు. చాపాను.