పాస్‌వర్డ్ దానంతట అది పడటం లేదని బ్లాకర్ తీసేయకండి

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు కొండ ఊళ్లలో నెట్ అంతంతమాత్రమే కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో నోస్క్రిప్ట్ గానీ యూబ్లాక్ ఆరిజిన్ గానీ, అంటే పేజీలోని స్క్రిప్టుల్ని, ప్రకటనల్ని ఆపే బ్లాకర్ యాడ్‌ఆన్ ఏదో ఒకటి పెట్టుకోవడం మంచి పనే. పేజీ తొందరగా తెరుచుకుంటుంది, డేటా మిగులుతుంది. చిక్కల్లా లాగిన్ దగ్గరే. ఒడిశా స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనో ఆంధ్రా ఎంట్రన్స్ సైట్‌లోనో మన పాస్‌వర్డులు దాచిపెట్టి లాగిన్ దగ్గర తనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ ఏమీ నింపకుండా కూర్చుంటుంది. ఆఖరు తేదీ టెన్షన్‌లో పిల్లలు బ్లాకర్ మొత్తం ఆపేస్తారు, లేదంటే పాస్‌వర్డ్ కాపీ చేసి అతికిస్తారు. దయచేసి ఈ రెండూ చేయకండి.

ముందు అడ్రస్ బార్ చూడండి. మేనేజర్ తను దాచుకున్న అడ్రస్‌తో ఇప్పుడు తెరిచిన అడ్రస్ కలిస్తేనే నింపుతుంది. నకిలీ సైట్ దగ్గర మనల్ని కాపాడేది అదే, కాపీ చేసి అతికిస్తే ఆ రక్షణ పోయినట్టే. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అడ్రస్‌లకు మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కదా, పాత అడ్రస్ మీద దాచిన పాస్‌వర్డ్ కొత్తదాంట్లో పడదు, నోస్క్రిప్ట్‌లో పాతదానికి ఇచ్చిన అనుమతి కూడా పనిచేయదు. ఇందులో యాడ్‌ఆన్ తప్పేమీ లేదు. కొత్త అడ్రస్ సరైనదేనా అని బ్రాంచిలో అడిగి, మేనేజర్‌లో ఆ ఎంట్రీకి దాన్ని కూడా చేర్చండి.

అడ్రస్ సరిగ్గానే ఉంటే, అప్పుడు బ్లాకర్ సంగతి. చాలా సైట్లలో లాగిన్ బాక్సుల్ని పేజీలోని జావాస్క్రిప్టే, అంటే పేజీతో పాటు వచ్చి బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామే గీస్తుంది. స్క్రిప్ట్ ఆగితే బాక్సే ఉండదు, ఇక మేనేజర్ దేంట్లో నింపుతుంది? నోస్క్రిప్ట్ గుర్తు నొక్కితే ఆ పేజీ ఎక్కడెక్కడి నుంచి స్క్రిప్టులు తెస్తోందో పేర్లు వస్తాయి. సైట్ సొంత పేరుకి మాత్రమే టెంప్ ట్రస్టెడ్, అంటే తాత్కాలిక అనుమతి ఇచ్చి, పేజీ మళ్లీ లోడ్ చేయండి. గూగుల్ క్యాప్చా రాకపోతే గూగుల్ డాట్ కామ్‌కి, జీస్టాటిక్ డాట్ కామ్‌కి కూడా అలాగే ఇవ్వాలి. డబుల్‌క్లిక్, గూగుల్ అనలిటిక్స్ లాంటివి ప్రకటనలకీ లెక్కలకీ తప్ప లాగిన్‌కి అక్కర్లేదు, వాటిని ముట్టుకోకండి. యూబ్లాక్ వాడేవాళ్లు ఆ సైట్‌కి జావాస్క్రిప్ట్ ఆపే బటన్ ఎప్పుడైనా నొక్కి ఉన్నారేమో చూసుకుంటే చాలు. యూబ్లాక్ మామూలుగా స్క్రిప్టులన్నీ ఆపదు, తన జాబితాల్లో ఉన్నవే ఆపుతుంది.

ఇక అందరూ తేలిగ్గా తీసుకునేది, నాకు అన్నిటికంటే భయం వేసేది ఒకటుంది. కొన్ని సైట్లలో స్క్రిప్ట్ ఆగినా బాక్సులు కనిపిస్తాయి, మేనేజర్ నింపుతుంది కూడా, మనం లాగిన్ నొక్కుతాం. ఆ ఫారమ్‌ని పంపే పని స్క్రిప్ట్‌కే వదిలేసి, దాన్ని ఏ పద్ధతిలో పంపాలో తయారుచేసినవాళ్లు రాయకపోతే, స్క్రిప్ట్ లేని బ్రౌజర్ తనకు తెలిసిన గెట్ పద్ధతిలో పంపేస్తుంది, అంటే మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడ్రస్ బార్‌లో ప్రశ్నార్థకం తర్వాత అక్షరాలా కనిపిస్తాయి, బ్రౌజర్ హిస్టరీలో మిగిలిపోతాయి, సైట్ సర్వర్ రాసుకునే చిట్టాలోకి (లాగ్) కూడా వెళ్లొచ్చు. నెట్ సెంటర్ కంప్యూటర్ అయితే మీ తర్వాత కూర్చున్నవాళ్లు ఎవరైనా చూడొచ్చు. అందుకే పేజీ తెరవగానే తనంతట తాను నింపే సెట్టింగ్ ఆపి ఉంచి, ముందు స్క్రిప్ట్‌కి అనుమతి ఇచ్చి, పేజీ పూర్తిగా వచ్చాకే నింపమనండి. కంప్యూటర్‌లో బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌కి కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే సరిపోతుంది. ఎప్పుడైనా పాస్‌వర్డ్ అడ్రస్ బార్‌లో కనబడితే ఆలోచించకండి, హిస్టరీ తుడిచి, వెంటనే పాస్‌వర్డ్ మార్చేయండి.

బాక్సుల్లో నిండినా లాగిన్ బటన్ వెలగకపోతే, చివర ఒక అక్షరం కొట్టి చెరిపేయండి, అప్పుడు పేజీకి తెలుస్తుంది. లాగిన్ బాక్సు వేరే సైట్ నుంచి తెచ్చి ఫ్రేమ్‌లో అతికించినదైతే కొన్ని మేనేజర్లు కావాలనే నింపవు, అలాంటప్పుడు ఆ ఫ్రేమ్ ఎవరిదో నోస్క్రిప్ట్ జాబితాలో చూసి, నమ్మకం కుదిరితేనే ముందుకెళ్లండి.

పని అయ్యాక నోస్క్రిప్ట్‌లో తాత్కాలిక అనుమతులన్నీ రద్దు చేసే బటన్ ఉంటుంది, అది నొక్కేయండి.