ఆటోమేటిక్ కారు గేర్లు సరిగా మారనప్పుడు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఆటోమేటిక్ కారు గేరు మారడంలో తేడా చేస్తే, బండిని విశాఖపట్నం పంపి గేర్‌బాక్స్ విప్పించమనే సలహా తేలికగా దొరుకుతుంది. విప్పవలసిన అవసరం ఉన్నదో లేదో తేల్చే పరీక్షలు చాలావరకు ఇక్కడే, దానిమీద చేయి వేయకుండానే పూర్తిచేయవచ్చు.

ముందుగా గేర్‌బాక్స్ ఏ రకమో బండితో వచ్చిన మాన్యువల్‌లో చూసుకోవాలి. చిన్న కార్లలో ఎక్కువగా కనిపించే ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) నిజానికి మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం యాక్చుయేటర్లనే చిన్న యంత్రాలు చేస్తాయి కనుక, గేరు మారే క్షణంలో బండి కాస్త తగ్గి సాగినట్లుండటం దాని స్వభావం. గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ చప్పుడు ముందు పెరిగి, వేగం తరువాత అందుకోవడం కూడా లోపం కాదు. ఇవే, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న బండిలో కనిపిస్తే అనుమానించాలి. కింది వివరాలు, వేరుగా చెప్పినచోట తప్ప, ఆ రకానికే వర్తిస్తాయి.

డీలో వేసినా ఆలస్యంగా కదలడం

లివర్ మార్చాక రెండు మూడు సెకన్లు ఏమీ జరగక, ఆపై కుదుపుతో పట్టుకుంటే, మొదట ఆయిల్‌నే చూడాలి. లోపలి క్లచ్‌లను బిగించేది ఆయిల్ ఒత్తిడే. మట్టం తగ్గినా, ఫిల్టర్ పూడుకుపోయినా, సీళ్లు గట్టిపడినా ఆ ఒత్తిడి ఆలస్యంగా ఏర్పడుతుంది. చాలా బండ్లలో మట్టాన్ని ఆయిల్ వేడెక్కిన తరువాత, ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా, ఎత్తుపల్లాలు లేని నేలమీద చూస్తారు. కొన్నింటికి ఇంజిన్ ఆపి చూడాలి, డిప్‌స్టిక్ లేనివాటికి నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద లెవెల్ ప్లగ్ తీసి చూడాలి కనుక, మాన్యువల్ చెప్పిన పద్ధతే ప్రమాణం.

మట్టంకన్నా రంగు, వాసన ఎక్కువ చెబుతాయి. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) సాధారణంగా కొత్తలో ఎర్రగా ఉంటుంది. ముదురు గోధుమ రంగుకు మారి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని, గులాబీ రంగు పాలలా కనిపిస్తే నీరో కూలెంటో కలిసిందని అర్థం. నాగావళి, వంశధార వరదలో నిలిచిన బండికి నీరు గేర్‌బాక్స్ బ్రీదర్ (గాలి ఆడే) గొట్టం గుండా చేరగలదు. అటువంటి బండిని స్టార్ట్ చేయకముందే ఆయిల్ చూడాలి. వరద సంగతి లేకపోతే రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ చిల్లుపడి ఉండవచ్చు. ఏదైనా సరే, మూలం సరిచేసి ఆయిల్ పూర్తిగా మార్చడంలో జాప్యం చేస్తే ప్లేట్లమీది ఘర్షణ పొర ఊడిపోతుంది.

ఇంజిన్ అరుస్తున్నా వేగం పెరగకపోవడం

లోపలి క్లచ్‌లు పట్టక జారుతున్నాయనడానికి ఇది గుర్తు. ఆయిల్ తక్కువైతే సరిపడా పోసి, లీకు ఎక్కడో వెతకాలి. మట్టం సరిగానే ఉండి ఆయిల్ మాడి ఉంటే మాత్రం విప్పడం తప్పదు. అరిగిన ప్లేటును ఏ కొత్త ఆయిలూ తిరిగి తేలేదు.

నిలకడ వేగంలో వణుకు

రణస్థలం వైపు జాతీయ రహదారి 16 మీద గంటకు 60-80 కిలోమీటర్ల వేగంతో, యాక్సిలరేటర్ తేలికగా తొక్కి పోతున్నప్పుడు, గరుకు గీతలమీద పోతున్నట్లు సన్నని వణుకు వస్తే, అది నిలకడ వేగంలో ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే టార్క్ కన్వర్టర్ లాకప్ క్లచ్‌ది కావచ్చు, ఇంజిన్ మిస్‌ఫైర్ కావచ్చు. వెనుక వాహనాలు లేనప్పుడు యాక్సిలరేటర్ అలాగే ఉంచి, బ్రేక్ లైటు వెలిగేంత మాత్రం బ్రేక్ తాకాలి. లాకప్ విడిపోయి వణుకు వెంటనే పోతే మొదటి కారణం, పోకపోతే స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు చూడాలి. లాకప్ వణుకు చాలాసార్లు సరైన గ్రేడు ఆయిల్‌తోనే తగ్గుతుంది. ఒకసారి డ్రెయిన్ చేస్తే కన్వర్టర్‌లోని పాతది ఉండిపోతుంది కనుక, కొంత దూరం నడిపి మళ్లీ మార్చాలి. గ్రేడు విషయంలో ‘ఏదైనా ఒకటే’ అన్న మాట వినరాదు, ముఖ్యంగా సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు, పుల్లీలు పాడవుతాయి.

ఒకే గేరులో ఉండిపోవడం, గట్టి కుదుపు

హెచ్చరిక దీపం వెలిగి, బండి ఒకే గేరులో ఉండిపోతే అది గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకునే స్థితి. లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0700 వస్తే అది గేర్‌బాక్స్‌లో లోపం ఉందన్న కబురు మాత్రమే. దానితోపాటు ఉన్న కోడ్‌లోనే అసలు విషయం ఉంటుంది. పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్‌ను, పీ0750 గేరు మార్చే విద్యుత్ వాల్వ్ అయిన షిఫ్ట్ సొలెనాయిడ్‌ను, పీ0562 తక్కువ వోల్టేజీని సూచిస్తాయి. అందుకే ఆయిల్‌ను క్లచ్‌లకు పంపే వాల్వ్ బాడీ మార్చేముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్, వైరింగ్ కనెక్టర్లు పరీక్షించాలి. పీ (పార్కింగ్) నుంచి ఆర్ (రివర్స్)కు మార్చినప్పుడు మాత్రమే దబ్బుమంటే ఇంజిన్ మౌంట్ తెగిందేమో చూడాలి. లివర్ పీ నుంచి అసలు కదలకపోతే, ముందు బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి; వెలగకపోతే బ్రేక్ స్విచ్‌నో ఫ్యూజ్‌నో మార్చాలి.

ఘాట్ ఎక్కేటప్పుడు ఏఎంటీ

సాలూరు నుంచి కొరాపుట్ పోయే ఘాట్‌లో వాలుమీద బండిని యాక్సిలరేటర్‌తో నిలబెడితే క్లచ్ కాలి, వాసన వచ్చి, గేర్లు తడబడతాయి. హ్యాండ్‌బ్రేక్ వాడి, చల్లారనివ్వాలి. ఆపైనా జారితే క్లచ్ సెట్ మార్చి, స్కానర్‌తో క్లచ్ పాయింట్‌ను (క్లచ్ పట్టుకునే చోటును) బండి కంప్యూటర్‌కు తిరిగి నేర్పించాలి. లారీ గేర్‌బాక్స్‌లు కొట్టినపిండి అయిన సాలూరు మెకానిక్‌కైనా ఈ చివరి పని ఆ మోడల్‌కు తగిన స్కానర్ లేకుండా కుదరదు.

బండి నడవని స్థితిలో ఉంటే, ఇంజిన్ తిప్పే చక్రాలను నేలమీద ఉంచి తాడుతో లాగించకూడదు. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు తిరగదు కనుక గేర్‌బాక్స్ పొడిగా అరిగిపోతుంది. ఫ్లాట్‌బెడ్ దొరకకపోతే, ముందు చక్రాలతో నడిచే కారును ముందు భాగం పైకెత్తి తీసుకుపోవచ్చు.