చిన్న మోటారు పడవలో బరువు సర్దడం – 3వ పాఠం: ముందెంత, వెనకెంత

పోయిన పాఠంలో పడవలోకి ఎక్కే ప్రతి వస్తువునీ తూచి రాసుకోమన్నాను కదా, ఆ కాగితం తీయండి. రాయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి, ఎందుకంటే ఈసారి లెక్కంతా దాని మీదే. అంచనాగా రాస్తే కుదరదు. పెట్రోలు లీటరు ముప్పావు కిలో ఉంటుంది, అంటే ఇరవై లీటర్లకి 15 కిలోలు, ట్యాంకు బరువు వేరే. తడిసిన వల బరువు, పొడి వల బరువు ఒకటి కాదు, కాబట్టి తడివలే తూచండి.

చిన్న పడవలతో వచ్చిన చిక్కేంటంటే, బరువంతా దానంతటదే వెనక్కి చేరిపోతుంది. ఇంజన్ వెనక పలకకే బిగించాలి, దాని హ్యాండిల్ పట్టుకునే మనిషి దాని పక్కనే కూర్చోవాలి, గొట్టం పొట్టిగా ఉంటుంది కాబట్టి పెట్రోలు ట్యాంకు కూడా అక్కడే. నేను మొదట్లో ఒక్కణ్నే వెళ్లేవాణ్ని, థ్రాటిల్ (వేగం పెంచే పిడి) తిప్పగానే ముక్కు ఆకాశంలోకి లేచేది, ఎదురుగా ఏముందో కనపడేది కాదు. అదేదో ఇంజన్ పవర్ అనుకుని మురిసిపోయాను కూడా! ఒకరోజు గాలి లేచిన ముక్కుని పట్టుకుని పడవని అడ్డంగా తిప్పేసింది, వెనక పలక మీంచి బకెట్ల కొద్దీ నీళ్లు లోపలికొచ్చాయి. అప్పటికి గానీ బుద్ధి రాలేదు.

లెక్క చిన్నపిల్లల ఉయ్యాలబల్ల లెక్కే. బరువుని దూరంతో గుణించాలి. పడవ పొడవుకి సరిగ్గా మధ్యలో చాక్‌పీసుతో అడ్డగీత గీసి, ప్రతి వస్తువూ ఆ గీతకి ఎన్ని మీటర్ల ముందుందో, ఎన్ని మీటర్ల వెనకుందో కొలవండి. (నిజానికి పడవ ఊగే చోటు ఆ గీతకి కాస్త వెనకుంటుంది, వెనకభాగం వెడల్పు కాబట్టి. మన పనికి మధ్యగీత చాలు.)

నాలుగు మీటర్ల పడవ ఒకటి తీసుకుందాం. వెనక్కి: ఇంజన్ 45 కిలోలు, 2 మీటర్లు, అంటే 90. నడిపే మనిషి 70 కిలోలు, 1.6 మీటర్లు, 112. ట్యాంకు 20 కిలోలు, 1.5 మీటర్లు, 30. మొత్తం 232. ముందుకి: రెండో మనిషి 65 కిలోలు, 1.2 మీటర్లు, 78. ఐసుతో పెట్టె 40 కిలోలు, 1 మీటరు, 40. లంగరు, తాడు కలిపి 15 కిలోలు, 1.8 మీటర్లు, 27. మొత్తం 145. తేడా 87, అదీ వెనక్కి.

ట్యాంకుని గీతకి అర మీటరు ముందుకి జరిపితే ఒక్కదెబ్బకి 40 తగ్గుతుంది (వెనక 30 పోయి, ముందు 10 చేరుతుంది), 47 మిగిలింది. దీనికి గొట్టం పొడుగుది కావాలి, అది మెలిపడకుండా, కాళ్ల కింద నలగకుండా పడవ అంచు వెంబడి కట్టాలి. ఇంజన్ హ్యాండిల్‌కి పొడిగింపు కర్ర తగిలించి మీరు అర మీటరు ముందుకి కూర్చుంటే ఇంకో 35 పోయింది. మిగిలింది 12. బ్రహ్మాండం అనిపిస్తోందా? ఆగండి. (మీ జాకెట్‌కి తగిలించుకునే ఇంజన్ ఆపే తాడు కూడా ఆ దూరానికి సరిపోవాలి, ఇది మర్చిపోవద్దు.)

తిరిగొచ్చేటప్పుడు సంగతేంటి? పెట్టెలో 60 కిలోల చేపలు పడ్డాయి, పెట్టె ముందుంది కాబట్టి ముందుకి 60 పెరిగింది. ట్యాంకులో పెట్రోలు అయిపోవచ్చింది, ట్యాంకూ ముందే ఉంది కాబట్టి అక్కడ ఏడెనిమిది తగ్గింది. వెనక్కి 12 ఉన్న పడవ ఇప్పుడు ముందుకి 40 దాకా వాలింది. ముక్కు బరువైన పడవ వెనక నుంచి అల వస్తే మహా మొండిది, ముక్కు ముందున్న నీళ్లలో గుచ్చుకుంటుంది, వెనక పైకి లేచి ప్రొపెల్లర్ గాలి పీలుస్తుంది, ఇంజన్ అరుస్తుంది గానీ పడవ మాట వినదు, అడ్డం తిరిగిపోతుంది. నాకైతే వెనక బరువు కన్నా ఇదే ఎక్కువ భయం.

అందుకని పెట్టెని గీతకి దగ్గరగా, 0.2 మీటర్ల దూరానికి లాగండి. బయల్దేరేటప్పుడు వెనక్కి 44 అవుతుంది, కాస్త ఎక్కువే. కానీ చేపలు నిండి పెట్రోలు ఖాళీ అయ్యాక లెక్కేస్తే వెనక్కి 40 వస్తుంది. అంటే రోజంతా పడవ తీరు దాదాపు మారలేదు. కొంచెం వెనక బరువు మంచిదే కూడా, ముక్కు అలల మీద తేలికగా లేస్తుంది. పొద్దున్నకీ సాయంత్రానికీ బరువు మారే సామాను మధ్యలో, మారనిది కొసల్లో. నేను సర్దేటప్పుడు ఇదొక్కటే చూస్తాను.

ఇంజన్ వంపు మార్చే పిన్ను గురించి చాలామంది అడుగుతారు, అది మార్చితే ముక్కు దిగదా అని. దిగుతుంది, కానీ ప్రొపెల్లర్ తిరుగుతున్నంతసేపే. పడవ ఆగిన మరుక్షణం అసలు బరువే మాట్లాడుతుంది. ముందు సామాను సర్దండి, తర్వాతే పిన్ను జోలికి వెళ్లండి.

ఇంకో బరువుంది, మీ కాగితంలో ఎవరూ రాసుండరు. అడుగున నిలిచిన నీళ్లు. మూడున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పున్న చదును అడుగులో రెండే రెండు సెంటీమీటర్లు నిలిస్తే 70 లీటర్లు, అంటే ఒక మనిషి ఎక్కినట్టే. పైగా ఈ మనిషి కుదురుగా కూర్చోడు. వేగం పెంచితే వెనక్కి, తగ్గిస్తే ముందుకి, పక్కకి వంగితే వంగిన వైపుకే పరిగెత్తి ఇంకా వంచుతాడు. నీళ్లు తోడకుండా సర్దిన సర్దుడంతా వృథా.

ఈ వారం పని: అల లేని చోట, మామూలుగా మీరు వెళ్లే సామానుతో పడవ నింపి, అందరూ తమ తమ చోట్ల కూర్చోండి. మూతున్న పారదర్శకమైన సీసాలో సగం నీళ్లు పోసి పొడవు వాటంగా బల్ల మీద పడుకోబెట్టండి, నీటిగీత ఎటు వాలిందో చూడండి. ఖాళీ పడవలోనూ ఒకసారి ఇదే చేసి ఉంచుకోండి, బల్ల వంకర అయితే తెలిసిపోతుంది. తర్వాత ట్యాంకుని ఒక్కదాన్నే జరిపి మళ్లీ చూడండి. జరిపేటప్పుడు ఇంజన్ ఆపి, ఒక్కరే కదిలి, వంగి, ఒక చెయ్యి ఎప్పుడూ అంచు మీదుంచి. సీసా పారేయకండి, పక్కలకి వాలడం, వల లాగేటప్పుడు ఇద్దరూ ఒకే అంచుకి చేరడం గురించిన 4వ పాఠంలో దాన్నే అడ్డంగా పెడతాం.