ముసురు పట్టకముందే: హన్మకొండ గదిలో కూర్చుని పని చేసేవాళ్లు చూసుకోవాల్సినవి

జూన్ మొదటి వారం దాటితే మృగశిర కార్తె. హైదరాబాద్ కిరాయిలు భరించలేక హన్మకొండకో కాజీపేటకో వచ్చి, చిన్న గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని బతుకుతున్న మనలాంటివాళ్లకు ఎండల కంటే వానలే ఎక్కువ కష్టం. ఆఫీసులో కరెంటు పోతే చూసుకోవడానికి మనుషులుంటారు, ఇక్కడ అన్నీ మనమే చూసుకోవాలి.

ముందు గది సంగతి. మారే ఆలోచన ఉంటే ఇప్పుడే మారండి, గ్రౌండ్ ఫ్లోర్ మాత్రం వద్దు, పై అంతస్తుకు నెలకు 1,000 ఎక్కువైనా సరే. నేను ఆ వెయ్యి మిగులుతుందని కింద గదిలో దిగాను. 2023 జులై చివర్లో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 64 సెంటీమీటర్లకు పైగా వాన పడి, భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగిపోయిన ఆ రోజుల్లోనే, రాత్రి మంచం దిగితే కాళ్లకు నీళ్లు తగిలాయి. ల్యాప్‌టాప్ టేబుల్ మీదే ఉంది కానీ ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద ఉంది. స్విచ్ మీద చెయ్యి వెయ్యబోయి ఆగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

అందుకే ఎక్స్‌టెన్షన్ బాక్సును ఈరోజే గోడకు, నడుము ఎత్తులో బిగించండి. నీళ్లు వస్తాయని అనుమానం రాగానే, నేల ఇంకా పొడిగా ఉన్నప్పుడే మెయిన్ ఆపేయాలి. నీళ్లు వచ్చాక మెయిన్ దాకా నీళ్లలో నడిచి వెళ్లొద్దు, కరెంటువాళ్ల నంబర్ 1912కు ఫోన్ చేసి లైన్ ఆపమని చెప్పండి.

మనది చెరువుల ఊరు. చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు నాలా పట్టుకుని పోవాలి, నాలా ఇరుకైతే కాలనీల్లోకే వస్తాయి. నయీంనగర్, సమ్మయ్యనగర్, హంటర్ రోడ్డు పక్క కాలనీల వాళ్లకు ఇది కొత్త కాదు. గది చూడడానికి వెళ్లినప్పుడు ఓనర్‌ను అడిగితే "మాకేం రావు" అనే అంటారు. వీధి చివర కిరాణం నడిపే అక్కను అడగండి: "అక్కా, మొన్నటి వానకు ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకొచ్చినయ్?" చేత్తో గోడ మీద గీత చూపిస్తుంది, ఆ గీతను నమ్మండి. సెప్టెంబర్ దాటింది కదా అని నిశ్చింతగా కూడా ఉండొద్దు, 2025లో మొంథా తుపాను అక్టోబర్ చివర్లో వచ్చి ఇదే ఊరిని ముంచింది.

ఇక కరెంటు, నెట్. ఇన్వర్టర్ కొనే స్తోమత లేకపోతే రౌటర్‌కు చిన్న యూపీఎస్ అయినా కొనండి. రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉందో ఫోటో తీసుకుని షాపుకు వెళ్లండి. అయితే మన రౌటర్ వెలుగుతున్నా, వీధిలో నెట్‌వాళ్ల పెట్టెకు కరెంటు లేకపోతే నెట్ రాదు. కాబట్టి ఫోన్‌లో రెండో సిమ్ ఉండాలి, అది వేరే కంపెనీది కావాలి, గదిలో ఏ మూల సిగ్నల్ బాగుందో ముందే చూసుకోవాలి. కరెంటు చాలా గంటలు రాకపోతే టవర్ బ్యాటరీలూ అయిపోతాయి. అందుకే ముసురు రోజున ముఖ్యమైన పని పొద్దున్నే పంపేయండి. "వానలు మొదలయ్యాయి, రెండు గంటలు కనిపించకపోతే టెన్షన్ పడకండి, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని మేనేజర్‌కు ముందే రాసి పెట్టండి. అంతా అయ్యాక చెబితే సాకులా ఉంటుంది.

ఉరుములు దగ్గరపడితే చార్జర్, రౌటర్ రెండూ ప్లగ్గు నుంచి పీకేయాలి, స్విచ్ ఆపితే చాలదు. దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల సంగతి తెలుస్తుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే కూడా ఒక ఐదు నిమిషాలు ఆగి పెట్టండి. మూడు పిన్నుల చార్జర్ పెట్టినా ల్యాప్‌టాప్ తాకితే జిల్లుమంటుంటే ఆ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా లేదేమోనని అనుమానించాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలవమని ఓనర్‌ను గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు.

తాగే నీళ్ల క్యాన్ ఒకటి ఎక్కువ ఉంచుకోండి. అటుకులు, పల్లీలు, బిస్కెట్లు రెండు రోజులకు సరిపడా చాలు.

చివరగా దోమలు. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, మనం పగలంతా టేబుల్ కింద కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఎండాకాలం వాడిన కూలర్లో నీళ్లు అలాగే ఉంటే వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా దోమవుతుంది, కాబట్టి నీళ్లు పారబోసి తుడిచి ఆరబెట్టండి, పని చేసేటప్పుడు సాక్సులు వేసుకోండి. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దు. డెంగీ అయితే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గిన రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు మొదలైతే మీటింగ్ వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి. ఒంటరిగా ఉండేవాళ్లు పక్క గదివాళ్లకు ఒక తాళంచెవి, ఇంటివాళ్ల ఫోన్ నంబర్ ఇచ్చి ఉంచండి.